వాడిపోతున్న గులాబీని మళ్లీ చిగురింపజేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడ మీది గులాబీలను చూసినవాళ్లు పువ్వుల గురించి రెండు మాటలు చెప్పి, వెంటనే తమ ఇంట్లో ఎండిపోతున్న మొక్క సంగతి ఎత్తుతారు. ఏళ్ల తరబడి వింటున్నవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను ఉండేది హైదరాబాదులో. బోరు నీళ్లు, మేడ మీద మండే ఎండ, జూలై నుంచి ముసురు, ఇవీ నా మొక్కల పరిస్థితులు. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ, రాయలసీమలో ఎండ ఎక్కువ కాబట్టి మీ ఊరికి తగ్గట్టు కొంచెం అటూ ఇటూ చేసుకోండి.

చాలా సమాధానాల్లో ఒకే మొక్క కనిపిస్తుంది. అమ్మ కడియం వైపు వెళ్లినప్పుడు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పసుపు గులాబీ అది. మరుసటి జూలైకి ఒక్క ఆకు లేకుండా రెండు కొమ్మలతో మిగిలింది. దాన్ని బతికించుకునే పనిలోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

ఆకులన్నీ రాలిపోయాయి. మొక్క బతికి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కొమ్మ మీద గోటితో చిన్నగా గీరండి. పైబెరడు లేచిన చోట పచ్చగా, తడిగా కనిపిస్తే ఆ కొమ్మకు ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడికి చచ్చిపోయినట్టే. ఒక్కచోట చూసి తేల్చుకోకండి. కొమ్మ చివర మొదలుపెట్టి, జానెడు జానెడు కిందికి వస్తూ గీరి చూడండి. పైన ఎండినా కింద పచ్చదనం ఉండటం చాలా మామూలు.

నర్సరీలో కొన్న గులాబీలు చాలావరకు అంటు మొక్కలు. మట్టికి కొంచెం పైన, కాండం ముడిలా లావెక్కిన చోటు కనిపిస్తుంది, అదే అంటు కట్టిన చోటు. ఆ ముడికి పైన రెండు అంగుళాల పచ్చటి కొమ్మ మిగిలినా ఆశ ఉంది. మా పసుపు గులాబీకి ఒక కొమ్మ మీద నాలుగు అంగుళాలు, ఇంకో దాని మీద బొటనవేలంత పచ్చదనం మిగిలాయి. దాని నుంచే మొత్తం మొక్క తిరిగి వచ్చింది.

బలం రావడానికి ముందుగా ఏ ఎరువు వేయాలి?

నాటే మట్టిలో కలిసే కొద్దిపాటి మాగిన ఎరువు తప్ప, విడిగా ఏదీ వేయకండి. అందరికీ నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్క మాటే. జబ్బు పడ్డ గులాబీకి ఎరువు వేయడం వల్ల ఎండిపోయిన మొక్కలు నేను చూసినంతలో తెగుళ్ల వల్ల పోయినవాటి కంటే ఎక్కువ.

కారణం ఉంది. ఆకులు లేని మొక్కకు ఆహారం తయారుచేసుకునే శక్తి లేదు. దెబ్బతిన్న వేళ్లు నీళ్లే సరిగా పీల్చలేవు. ఆ సమయంలో డీఏపీ గింజలో, యూరియానో వేస్తే మట్టిలోని నీళ్లలో లవణాలు పెరుగుతాయి. అప్పుడు వేరు నీళ్లు పీల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది, కొనలు మాడిపోతాయి. సరిగా మాగని పశువుల ఎరువు, నానబెట్టకుండా వేసిన వేరుశనగ చెక్క కూడా కుళ్లేటప్పుడు వేడి పుట్టించి అదే పని చేస్తాయి.

జ్వరంతో పడుకున్న మనిషికి గంజి ఇస్తాం కానీ బిర్యానీ పెట్టం కదా. కొత్త చిగురు వచ్చి, ఆకులు పూర్తిగా విచ్చుకుని, ఎరుపు పోయి పచ్చబడ్డాక మొదటి ఎరువు. అది కూడా ఒక గుప్పెడు వానపాముల ఎరువు, అంతే. అప్పటిదాకా చేయాల్సినవి నీటి సంగతి సరిచూడటం, చచ్చిన భాగం తీసేయడం, మిట్టమధ్యాహ్నపు ఎండ నుంచి కాపాడటం.

రోజూ నీళ్లు పోస్తున్నాను. అయినా ఎందుకు వాడిపోతోంది?

రెండు కారణాలు ఉండొచ్చు. అవి ఒకదానికొకటి పూర్తి విరుద్ధం, కానీ పైకి ఒకేలా కనిపిస్తాయి.

ఒకటి, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లడం. వేళ్లకు గాలి కావాలి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయినా, కింద పళ్లెంలో నీళ్లు నిలిచినా వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. అలాంటి మొక్క తడి మట్టిలో నిలబడి కూడా దాహంతో వాడుతుంది. వాడింది కదా అని మనం ఇంకా పోస్తాం. మట్టి దగ్గర వాసన చూడండి. మురుగు వాసన వస్తే అనుమానం అక్కర్లేదు.

రెండోది మా మొక్కకు జరిగింది. ఆ జూలైలో కుండీని పక్కకు ఒరిగించి మొక్కను బయటికి తీశాను. పైన మట్టి తడిగా, మెత్తగా ఉంది. లోపల మాత్రం అమ్మ తెచ్చినప్పటి బంకమట్టి ముద్ద, కొబ్బరికాయంత సైజులో, అలాగే ఉంది. చాకుతో పొడిస్తే దిగలేదు. మధ్యలోకి పగలగొడితే లోపల మట్టి ఇటుక పొడిలా పొడిపొడిగా రాలింది. ఏడాదిపాటు నేను పోసిన నీళ్లన్నీ ఆ ముద్ద పక్కనుంచి జారి అడుగు రంధ్రంలోంచి వెళ్లిపోయాయి. వేళ్లు ముద్దలోనే చుట్టుకుని, బయట మట్టిలోకి ఒకటో రెండో మాత్రమే వచ్చాయి.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు లారీల్లో దూరాలు ప్రయాణిస్తాయి. దారిలో వేళ్లు చెదరకుండా ఉండటానికే ఆ బంకమట్టి ముద్ద. ప్రయాణానికి అది మంచిదే. కానీ ఒక్కసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పీల్చుకోవడానికి మొరాయిస్తుంది. పుణె వైపు నుంచి వచ్చే అంటు గులాబీలు కూడా చాలాసార్లు ఇలాంటి ముద్దలతోనే వస్తాయి.

నీళ్లు పోసే ముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు వద్దు. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా నిండుగా పోయండి. రోజూ ఒక చెంబు అని లెక్క పెట్టుకోవడం కంటే ఇదే మేలు. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద కుండీకి రోజూ పొద్దున్నే కావాల్సి రావచ్చు. ముసురు పట్టిన వారంలో ఒక్క చుక్క కూడా అక్కర్లేదు.

ఆ మట్టి ముద్దను ఎలా తీయాలి? ఏ మట్టిలో నాటాలి?

బలవంతంగా పగలగొట్టకండి, సన్నటి వేళ్లన్నీ దానితోపాటే తెగిపోతాయి. బక్కెట్లో నీళ్లు పోసి ముద్ద మునిగేలా ఒక గంట ఉంచండి. మొదట బుడగలు వస్తాయి. అవి ఆగాక నీళ్లలోనే వేళ్లతో నెమ్మదిగా నిమురుతూ ఉంటే బంకమట్టి పొరలు పొరలుగా కరిగి దిగిపోతుంది. మొత్తం వదలాల్సిన పని లేదు. బయటి సగం పోయి, వేళ్ల కొనలు కనిపిస్తే చాలు. నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడి వచ్చే వేళ్లను కత్తిరించండి. లేత గోధుమ రంగులో, తెల్లటి కొనలతో గట్టిగా ఉన్నవి ఆరోగ్యంగా ఉన్నట్టు.

కుండీ కనీసం 12 అంగుళాలది కావాలి. నేను వాడే మట్టి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక, పిడికెడు వేప పిండి. జబ్బు మొక్కకైతే ఎరువు పాలు సగానికి తగ్గించి, ఆ మేరకు ఇసుక పెంచుతాను. నల్లరేగడి మాత్రమే దొరికే చోట ఇసుక ఇంకా ఎక్కువ కావాలి. కొబ్బరి పొట్టు కలపొచ్చు కానీ వానకాలంలో అది నీళ్లు పట్టి వదలదు, అందుకే తక్కువ. అంటు ముడి మట్టికి రెండు అంగుళాల పైన ఉండేలా నాటండి. మన ఎండల్లో, వానల్లో ముడి మట్టిలో కూరుకుపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది.

నాటిన తర్వాత ఒక పది రోజులు పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట ఉంచండి. చీకటి గదిలో మాత్రం పెట్టకండి. కోలుకున్న గులాబీకి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అది లేని బాల్కనీలో ఎన్ని మందులు కొట్టినా మొక్క బక్కచిక్కుతూనే ఉంటుంది.

కొమ్మ చివరి నుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తోంది. ఏమిటిది?

ఎండుకొమ్మ తెగులు. మన దగ్గర గులాబీలను ఎక్కువగా చంపేది ఇదే. పువ్వు కోసిన చోటో, కత్తిరించిన చోటో శిలీంధ్రం లోపలికి దిగుతుంది. మొదట చివర అంగుళం మేర గోధుమ రంగు, తర్వాత నలుపు, అక్కడి నుంచి కిందికి ప్రయాణం. ముడిని దాటి అడుగు మొక్కలోకి, అంటే ముడి కింద వేళ్లున్న మొక్కలోకి దిగితే ఇక చేయగలిగేది లేదు. అందుకే దీన్ని చూసిన రోజే కత్తెర పట్టుకోవాలి. వానకాలం వెళ్లాక కత్తిరిద్దామని ఆగకూడదు.

ఎంత కిందికి కోయాలన్నది కొమ్మే చెబుతుంది. నల్లబడ్డ భాగానికి అంగుళం కింద కోసి, తెగిన ముఖాన్ని వెలుతురులో చూడండి. చుట్టూ పచ్చటి ఉంగరం, మధ్యలో బెండు ఉంటాయి. ఆ బెండు పాలలా తెల్లగా, కొంచెం తడిగా ఉండాలి. టీ రంగులో మరక కనిపిస్తే తెగులు అప్పటికే అక్కడిదాకా వచ్చింది. ఇంకో అంగుళం కిందికి కోయండి. మళ్లీ చూడండి. పసుపు గులాబీ పెద్ద కొమ్మను నేను అయిదుసార్లు కోశాను. నాలుగోసారి ఆవగింజంత మరక మిగిలింది. చేయి ఆగిపోయింది, ఎందుకంటే ఇంకో అంగుళం పోతే మిగిలేది నాలుగే. అయినా కోశాను. అయిదోసారి బెండు తెల్లగా వచ్చింది. ఆ మరకను వదిలేసి ఉంటే వారంలో కొమ్మంతా పోయేది.

ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. బయటివైపు చూస్తున్న కన్నుకు (చిగురు పుట్టే చోటుకు) పావు అంగుళం పైన, కొంచెం ఏటవాలుగా కోస్తే నీరు నిలవదు. మొద్దుబారిన కత్తెరతో కోస్తే కొమ్మ నలిగిపోతుంది, నలిగిన చోటే తెగులుకు మళ్లీ తలుపు. కోసిన ముక్కలను కుండీలోనే పడేయకండి.

కోసిన చోట ఏం పూయాలి? పసుపు, పేడ పూయవచ్చా?

పసుపు చాలామంది పూస్తారు. హాని లేదు, కానీ తెగులు వచ్చిన మొక్కకు నేను దాని మీద ఆధారపడను. పచ్చి పేడ అసలు వద్దు, గాయం మీద తడి నిలిపి ఉంచుతుంది. రాగి మందు నమ్మకమైనది. పురుగుమందుల దుకాణంలో దొరికే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని కొద్ది నీళ్లతో పెరుగులా కలిపి, పాత కుంచెతో కోసిన ముఖానికి పూయండి.

బోర్డో పేస్టు ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గ్రాముల మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నాన్ని ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, తర్వాత కలపాలి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రే వాడాలి, ఇనుము వద్దు. కలిపిన దానిలో శుభ్రమైన ఇనుప చాకును కాసేపు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పూత పడకూడదు. పడితే సున్నం ఇంకొంచెం కలపాలి. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిపక్క ద్రాక్షను ఎవరూ కోసుకోకుండా రైతులు ఈ నీలి పూత చల్లేవారట. పూత పడ్డ తీగలకు తెగులు సోకకపోవడాన్ని గమనించి మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో దీన్ని మందుగా ప్రకటించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన బత్తాయి తోటల్లో, మన గులాబీ కొమ్మల మీద ఇదే పనిచేస్తోంది.

ఆకుల మీద నల్లటి మచ్చలు వచ్చి, పసుపుబారి రాలిపోతున్నాయి.

నల్లమచ్చ తెగులు. మచ్చ అంచు గీత గీసినట్టు ఉండదు, సిరా చుక్క చుట్టూ పాకినట్టు ఉంటుంది. కింది ఆకులతో మొదలై పైకి ఎక్కుతుంది. ఆకు ఏడు గంటలకు పైగా తడిగా ఉంటేనే దీని బీజాలు లోపలికి దిగగలవు. కాబట్టి వానకాలమే దీని కాలం, సాయంత్రం పూట ఆకుల మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే మిగతా కాలాల్లోనూ వస్తుంది. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయండి.

మచ్చలున్న ఆకులనూ, రాలిన ఆకులనూ ఏరి చెత్తలో వేయండి. కంపోస్టులో వేయకండి. కుండీల మధ్య గాలి ఆడేలా జరపండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ 2.5 గ్రాముల మాంకోజెబ్ గానీ కలిపి, ఆకు అడుగు కూడా తడిసేలా 10 రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. మచ్చపడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు. మందు చేసేది కొత్త ఆకులను కాపాడటమే. రెండు రోజుల్లో మచ్చలు పోలేదని మోతాదు పెంచితే ఆకులు మాడతాయి.

పసుపు గులాబీలకే ఇది ఎందుకు ఎక్కువ అని అమ్మ అడిగేది. దానికి చరిత్రలో జవాబు ఉంది. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన గులాబీల పెంపకందారు పెర్నే-డ్యూషే పర్షియా పసుపు గులాబీతో సంకరం చేసి, 1900లో ‘సొలేయ్ దోర్’ అనే రకాన్ని తెచ్చాడు. ఇప్పటి తోట గులాబీల్లోని ముదురు పసుపు చాలావరకు ఆ వంశం నుంచి వచ్చిందే. ఆ రంగుతోపాటు నల్లమచ్చకు లొంగిపోయే గుణం కూడా వచ్చింది. మీ దగ్గర పసుపు, నారింజ రంగు రకాలుంటే జూన్ నుంచే కన్నేసి ఉంచండి.

లేత ఆకులు ముడుచుకుని, పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి.

బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వస్తుంది. నల్లమచ్చలా దీనికి ఆకు తడవాల్సిన పని లేదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. అయితే ఎండ ముదిరాక, అంటే 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొట్టకండి, ఆకు కాలుతుంది. వేప నూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా వద్దు. మందులు ఇష్టం లేనివాళ్లు ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ఎండ ఉన్న పూట వారానికోసారి చల్లవచ్చు. తెగులు మొదట్లో ఉంటే బాగానే ఆగుతుంది.

కొత్త ఆకులు పసుపు రంగులో, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎరువు తక్కువైందా?

ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉండే ఉంటుంది, క్షారం పెరిగిన మట్టిలో వేరు దాన్ని తీసుకోలేదు. గులాబీకి 6 నుంచి 6.5 ఉదజని సూచిక (పీహెచ్) నచ్చుతుంది. మన బోరు నీళ్లు నెలల తరబడి పోస్తే అది పైకి ఎక్కుతూ పోతుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కడితే అదే గుర్తు.

నీళ్లు శుద్ధి చేసే యంత్రం వదిలే వృథా నీళ్లను మొక్కలకు పోసే ఇళ్లు చాలా చూశాను. నీళ్లు పారబోయకూడదన్న మంచి ఆలోచనే, కానీ ఆ నీళ్లలో లవణాలు మామూలు నీటి కంటే ఎక్కువ. గులాబీకి పోయకండి, నేల కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం దాదాపు లవణాలు లేనివి, నిశ్చింతగా పోయవచ్చు. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే అంతకంటే మంచిది లేదు.

వెంటనే చేయాల్సింది: కుండీకి రెండింతల వాన నీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పును అడుగు నుంచి కడిగేయాలి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లాలి. ముందు రెండు ఆకుల మీద చల్లి ఒక రోజు చూడండి. వారం వ్యవధిలో రెండు మూడు సార్లకు కొత్త ఆకులు పచ్చగా వస్తాయి.

కింది ఆకులు మాత్రమే పసుపుబారుతున్నాయి.

మచ్చలు లేకుండా ఒకటీ అరా అయితే ముసలి ఆకులు, వదిలేయండి. ఎక్కువగా రాలుతుంటే నీళ్ల సంగతి చూడండి. మొక్క చురుగ్గా పెరుగుతూ ఉండి కింది ఆకులు పాలిపోతే నత్రజని తక్కువ, అప్పుడు ఎరువు వేయవచ్చు.

మొగ్గలు విచ్చుకోకుండా అంచులు మాడిపోతున్నాయి.

తామర పురుగులు. ఒక తెల్లకాగితం మీద మొగ్గను పట్టుకుని వేలితో రెండుసార్లు తట్టండి. సన్నటి గీతల్లాంటివి, వెంట్రుక ముక్కంత, కాగితం మీద చకచకా పరుగెత్తితే అవే. మొగ్గ రేకుల మడతల్లో ఉంటాయి కాబట్టి పైపైన కొట్టిన మందు తగలదు. మాడిన మొగ్గలన్నీ తుంచి కవరులో మూటగట్టి పారేయండి. నీలిరంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో వేలాడదీయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి వారానికోసారి సాయంత్రం కొట్టండి. జబ్బు మొక్కకు మొగ్గలు ఎలాగూ బరువే కాబట్టి తుంచడానికి వెనకాడకండి.

ఆకుల అడుగున సన్నటి గూడు, కొమ్మల మీద పొలుసులు, చిగుళ్ల మీద పచ్చటి పేలు. దేనికి ఏం చేయాలి?

గూడు కట్టేది ఎర్రనల్లి. మార్చి నుంచి మే దాకా దీని బాధ ఎక్కువ. ఆకు పైన సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పొద్దున్నే గొట్టంతో ఆకు అడుగు భాగాన్ని జోరుగా కడగండి, మూడు రోజులకోసారి. పొడి వేడి దీనికి ఇష్టం, నీళ్లంటే గిట్టదు.

చిగుళ్ల మీది పచ్చటివి పేనుబంక. వేళ్లతో తుడిచేసినా, నీళ్లతో కడిగినా పోతాయి. అక్షింతల పురుగు కనిపిస్తే ఆ వారం ఏ మందూ కొట్టకండి, అది రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేస్తుంది. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే వాటిని ఆపండి. పేనుబంక వదిలే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి.

పొలుసు పురుగులు మాత్రం మొండివి. బెరడు మీద తెల్లటి, గోధుమ రంగు పొక్కుల్లా అతుక్కుని రసం పీల్చి కొమ్మను ఎండబెడతాయి. చాలామంది అది ముదురు బెరడే అనుకుని వదిలేస్తారు. గోటితో గీకితే పొక్కు లేచి వస్తుంది. పాత దంతాల బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి, కొమ్మను కింది నుంచి పైకి తోమండి. ఆ తర్వాతే వేప నూనె.

ఆకుల అంచులను ఎవరో కత్తెరతో అర్ధచంద్రాకారంలో కత్తిరించినట్టుంది.

ఆకు కోసే తేనెటీగ. ఆ ముక్కలతో గూడు కట్టుకుంటుంది. మొక్కకు జబ్బు లేదు, మందు అవసరం లేదు. దాన్ని బతకనివ్వండి.

ఉల్లిపాయ తొక్కల నీళ్లు, టీ పొడి, గుడ్డు పెంకులు వేస్తే కోలుకుంటుందా?

కోలుకున్న మొక్కకు కొద్దికొద్దిగా వేసుకోవచ్చు. జబ్బు మొక్కకు వద్దు. పాలు, పంచదార కలిసిన టీ పొడిని కడగకుండా వేస్తే చీమలు, బూజు. గుడ్డు పెంకుల్లో ఉండేది సున్నం, మన బోరు నీళ్లలో అది ఇప్పటికే కావాల్సినంత ఉంది. అరటి తొక్కలు మట్టి మీద పరిస్తే ఈగలు ముసురుతాయి, కంపోస్టు చేసి వేయండి. బియ్యం కడిగిన నీళ్లు వారానికోసారి పోయవచ్చు, నిలవపెట్టి పులియనివ్వకండి.

పూర్తిగా కత్తిరించడానికి మంచి కాలం ఏది?

వానలు తగ్గిన తర్వాత, అక్టోబరు నుంచి నవంబరు మధ్య. ఎండిన కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నటి పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మూడు నాలుగు బలమైన కొమ్మలను అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంచండి. ఆ తర్వాత దాదాపు 45 రోజులకు పువ్వులు వస్తాయి. చచ్చిన, తెగులు పట్టిన భాగాలు తీయడానికి మాత్రం కాలంతో పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆరోగ్యంగా ఉన్న కొమ్మలను కోయకండి. కొమ్మలకు నీడ పోయి బెరడు ఎండకు కాలుతుంది.

అడుగు నుంచి ఒక కొమ్మ జోరుగా పెరుగుతోంది. మొక్క కోలుకున్నట్టేనా?

ఎక్కడ పుట్టిందో చూడండి. ముడి పైన అయితే సంతోషించాల్సిందే, అలాంటి కొమ్మే రేపటి మొక్క. ముడి కింద నుంచో, మట్టిలోంచో వస్తే అది అడుగు మొక్క పిలక. ఏడు ఆకులుంటే పిలక, అయిదుంటే అసలు మొక్క అని చెబుతారు కానీ దాన్ని నమ్మి కోయకండి, మంచి రకాలకూ ఏడు రావచ్చు. మట్టిని పక్కకు తీసి మూలం దాకా చూడండి. పిలకైతే మొదలు దగ్గర పట్టుకుని కిందికి లాగి పీకండి. కత్తిరిస్తే అక్కడి నుంచి రెండు వస్తాయి. జబ్బు మొక్కకు ఇది చాలా ముఖ్యం, వేరు పీల్చిన బలమంతా పిలకే లాక్కుంటుంది.

మేం డల్లాస్‌లో ఉంటాం. గులాబీకి ఎర్రటి చిగుళ్లు చీపురు కట్టలా గుత్తులుగా వస్తున్నాయి.

కొత్త చిగురు ఎర్రగా ఉండటం మామూలే. అది నాలుగు వారాల్లో పచ్చబడాలి. పచ్చబడకుండా, మెత్తటి ముళ్లు లెక్కకు మించి వచ్చి, కొమ్మ వంకరలు తిరిగి, గుత్తిగా ఉంటే అది రోజ్ రోసెట్ వైరస్ కావచ్చు. కంటికి కనిపించనంత చిన్న నల్లి గాలిలో కొట్టుకువచ్చి దీన్ని అంటిస్తుంది. ఈ వైరస్‌ను శాస్త్రవేత్తలు 2011లో గుర్తించారు. డల్లాస్ చుట్టుపక్కల గులాబీలను చాలా దెబ్బతీసింది. మందు లేదు. మొక్కను వేళ్లతో సహా తీసి సంచిలో మూటగట్టి పారేయాలి. చెప్పడానికి బాధగానే ఉంది, కానీ పక్కింటివాళ్ల గులాబీలు దక్కాలంటే ఇదే దారి.

ఎప్పుడు ఆశ వదులుకోవాలి?

ముడి నల్లబడి, బెరడు చేతికి ఊడి వస్తే. వేళ్లన్నీ మెత్తగా కుళ్లిపోతే. ముడి దగ్గర గరుకైన పెద్ద గడ్డలు లేస్తే. ఈ గడ్డ బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కోసినా తిరిగి వస్తుంది. అలాంటి మొక్క పోయిన మట్టిలో మళ్లీ గులాబీ నాటకండి.

ఇవేవీ లేకపోతే ఆరు వారాలు ఆగండి. పసుపు గులాబీ కొమ్మలు కోసిన తర్వాత 19 రోజులు ఏ కదలికా లేదు. ఇంట్లోవాళ్లు ఆ కుండీలో తులసి వేయమన్నారు. ఇరవయ్యో రోజు పొద్దున కన్ను దగ్గర గసగసాల గింజంత ఎర్రటి చుక్క కనిపించింది.

వానకాలమైతే, ఇంకా పచ్చగా ఉన్న కొమ్మ ముక్కలను జాగ్రత్త చేయవచ్చు. పెన్సిల్ మందంలో, జానెడు పొడవున, మూడు నాలుగు కన్నులున్న ముక్కలను ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచండి. నాటు గులాబీ సులభంగా వేరు పోస్తుంది. సంకర రకాలు మొండికేస్తాయి, పది గుచ్చితే ఒకటో రెండో దక్కవచ్చు.

పిచికారీ చేసిన మొక్క పువ్వులను దేవుడికి పెట్టవచ్చా? రేకులు తినవచ్చా?

మందు కొట్టిన మొక్క రేకులతో గుల్కంద్ గానీ పన్నీరు గానీ చేయకండి. తినడానికైతే ఒక నాటు మొక్కను ఏ మందూ తగలకుండా వేరుగా పెంచండి. పూజకు పెట్టే పువ్వులను పిల్లలు ముట్టుకుంటారు, నోట్లో పెట్టుకుంటారు కాబట్టి మందు కొట్టిన వారం పది రోజులు కోయకండి. కొట్టేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

కొత్త ఆకులు వచ్చాయి, మొగ్గ కూడా వేసింది. ఉంచాలా, తుంచాలా?

తుంచండి. చేయి రాదని తెలుసు. కానీ ఒక్క పువ్వు పూయించడానికి మొక్క పెట్టే ఖర్చుతో ఒక కొత్త కొమ్మ వస్తుంది. మొగ్గ బఠాణీ గింజంత ఉన్నప్పుడే, కింద ఆకులన్నీ ఉంచి, కొనను మాత్రం గిల్లండి. మొదటి రెండు విడతలూ ఇలా చేస్తే ఆకు గుబురు కడుతుంది. మూడో విడత ఉంచవచ్చు. మా పసుపు గులాబీకి ఆ మూడో విడత డిసెంబరులో వచ్చింది, మూడు మొగ్గలు. మొదటిది విచ్చుకున్న పొద్దున అమ్మకు ఫోను చేసి చెప్పాను. కోసి జడలో పెట్టుకోమంది. నేను కోయలేదు. ఆరు రోజులు మొక్కకే ఉండి, రేకులు రాలాక, అయిదాకుల రెమ్మ పైన కత్తిరించాను.